రవళి రాసిచ్చిన చిట్టీ

పరాయి రాష్ట్రంలోని ఉధ్నా పేటలో మరమగ్గాల షెడ్ల వెనక ఉన్న మూడు గల్లీల్లో తెలంగాణ నుంచి వచ్చినవాళ్లవి నూటయాభై ఇళ్ల దాకా ఉంటాయి. ఆ గల్లీల్లో పరుశురాంను అందరూ కంప్యూటర్ పరుశురాం అనేవాళ్లు. మిగతా మగవాళ్లు మగ్గాల దగ్గర నిలబడి పని చేస్తే, అతను చీరల డిజైన్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని తెర మీద పువ్వులూ అంచులూ గీసేవాడు. పదిహేనేళ్లుగా అదే పని. ఆ ఒక్క డిజైన్ ప్రోగ్రాం తప్ప కంప్యూటర్ గురించి అతనికి తెలిసింది తక్కువే. మిషను మొరాయిస్తే కంపెనీ మనిషి వచ్చి డబ్బా విప్పి బాగుచేసేవాడు. అంతసేపూ పరుశురాం బయట చాయ్ బండి దగ్గర నిలబడేవాడు. ఈ సంగతి గల్లీలో ఎవరికీ తెలియదు. చెప్పాలని అతనికీ ఎప్పుడూ అనిపించలేదు.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో అతని పేరు ఇంకా పెరిగింది. ఊళ్లకు పోయే రైళ్ల కోసం ఫారాలు నింపాల్సి వచ్చినప్పుడు జనం అతని గడప ముందు మూతులకు గుడ్డలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. చదువు రాని ముసలివాళ్లు అతని చేతులు పట్టుకుని, "నువ్వు దేవునోలె దొరికినవ్ బిడ్డా" అన్నారు. అది వినడానికి బాగుండేది. నలభై మూడేళ్ల వయసులో మొదటిసారి అతను తనను తాను పెద్దమనిషిగా చూసుకున్నాడు.

ఆ ఏడు జూలైలో గల్లీవాళ్ల సంఘం గదికి ఒక కంప్యూటర్ వచ్చింది. హజీరాలోని ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న నాగభూషణంగారు తన ఇంట్లోని పాతది పంపించారు. పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్. అప్పటికి బళ్లు మూతబడి ఫోన్లలోనే పాఠాలు నడుస్తున్నాయి. గల్లీలో ఇంటికొక్క ఫోన్ ఉంటే ఎక్కువ, అది కూడా తండ్రితోపాటే పనికి పోయేది. అందుకని పిల్లల్ని నలుగురేసి చొప్పున ఆ గదిలో సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో కూర్చోబెట్టి, ఆ కంప్యూటర్‌లోనే పాఠాలు చూపించేవాళ్లు. ఆ పనంతా రవళి చూసేది.

రవళికి పదహారేళ్లు. ఆ ఏడే పదో తరగతి పాసైంది. పై చదువుకు కాలేజీలు ఇంకా తెరవలేదు. తల్లి జమున చీరలకు రాళ్లు అతికించే పని ఇంటికి తెచ్చుకుని చేసేది. తండ్రి మగ్గం పని. సంఘం పెద్ద సోమలింగం గది తాళంచెవి రవళి చేతికే ఇచ్చాడు. పొద్దున ఎనిమిదింటికి గది ఊడ్చి, పిల్లల చేతుల్లో శానిటైజర్ పోసి, పాఠం అర్థం కానివాళ్లకు మళ్లీ చెప్పి, మధ్యాహ్నం తాళం వేసి వెళ్లేది.

కంప్యూటర్‌తో ఒకటే ఇబ్బంది. పది నిమిషాలు నడిచి బిగుసుకుపోయేది. పంతులమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే తెర మీద ఆగిపోతే పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. రవళి ఓపిగ్గా ఆపి మళ్లీ మొదలుపెట్టేది. ఆగస్టులో ఒకరోజు ఆ అమ్మాయే సోమలింగంతో అంది.

"తాతా, దీంట్ల ర్యామ్ తక్కువున్నది. ఒక్క జీబీనే. అది పెంచితే బరాబర్ నడుస్తది."

ర్యామ్ అంటే ఏమిటో సోమలింగానికి తెలియదు. అతను పరుశురాంను పిలిపించాడు.

"ఏందో మెమరీ అంట తమ్మీ. పెద్దది ఎయ్యాల్నట. నువ్వైతే ఎరుకున్నోనివి. మంచిది చూసి తే."

"గదెంత పని కాకా. ఆదివారం నాటికి పెడ్త," అన్నాడు పరుశురాం.

అతను గది దాటుతుంటే రవళి వెనకే వచ్చి ఒక నోట్‌బుక్ కాగితం మడిచి ఇచ్చింది.

"మామా, మొన్న నేను కరెంటు బంద్ చేసి మూత ఇప్పి చూసిన. పాతదాని మీద ఏం రాసున్నదో అన్నీ ఇండ్ల రాసిన. గదే రకం తేవాలె, వేరేది పట్టది."

"నాకు జెప్తవా? పదిహేనేండ్ల సంది గిదే పని నాది." అతను నవ్వాడు. కాగితాన్ని చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం పనినుంచి వస్తూ ఉధ్నా మెయిన్ రోడ్డులో ఒక మొబైల్ దుకాణం దగ్గర ఆగాడు. అక్కడ కంప్యూటర్ సామాను కూడా కొంత పెట్టేవాళ్లు. కౌంటర్ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ఇద్దరు తన గల్లీవాళ్లే.

"నాలుగు జీబీ ర్యామ్ ఇయ్యి. డెస్క్‌టాప్‌ది," అన్నాడు హిందీలో.

"ఏ రకం? డీడీఆర్ ఎంత?" అన్నాడు దుకాణం అతను.

పరుశురాం చెయ్యి జేబు దాకా వెళ్లింది. కాగితం వేళ్లకు తగిలింది. గల్లీవాళ్లిద్దరూ చూస్తున్నారు. చిట్టీ తీసి చదివితే, ఇంట్లోవాళ్లు రాసిచ్చిన పద్దు పట్టుకుని కిరాణా కొట్టుకు వచ్చిన పిల్లాడిలా కనిపిస్తానేమో అనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన ఆఫీసు మిషను బాగుచేసేటప్పుడు ఆ కంపెనీ మనిషి "డీడీఆర్ త్రీ" అనడం ఎప్పుడో విన్నాడు.

"మూడు," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సంఘం గదికి వెళ్లాడు. రవళి అప్పటికే అక్కడుంది. ఎలా పెడతాడో చూడాలని ఆమె ఆశ.

"అందరు బయటికి పోండ్రి. ఇంత చిన్న గదిల గుంపు మంచిది కాదు," అన్నాడు. రవళి ఏదో అనబోయి, మాస్కు సర్దుకుని బయటికి వెళ్లింది. అతను తలుపు దగ్గరికి వేశాడు.

డబ్బా మూత విప్పడానికే పావుగంట పట్టింది. లోపల దుమ్మూ వైర్లూ చూసి, ఏది ఎక్కడుందో తెలియక తడుముకున్నాడు. పాత మెమరీ ముక్క ఏదో పోల్చుకుని లాగాడు. కొత్తది ఆ గాడిలో పెట్టబోతే కూర్చోలేదు. ముక్క అడుగున ఒక గాటు ఉంది. గాడిలో ఆ గాటుకు కుదరాల్సిన చిన్న ప్లాస్టిక్ మెట్టు ఉంది. రెండూ ఒకదానికొకటి ఎదురు రావడం లేదు. తిప్పి పెట్టాడు. అలా కూడా కుదరలేదు. అప్పుడైనా జేబులోని కాగితం తీసి చూసుండాల్సింది. కొత్త సామాను కదా, బిగువుగా ఉంటుందిలే అనుకుని రెండు బొటనవేళ్లూ ఆనించి గట్టిగా నొక్కాడు. టక్కుమంది. కూర్చుందనుకున్నాడు.

స్విచ్ వేశాడు. లోపల ఒక్కసారి చిటుక్కుమని, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఫ్యాను తిరగలేదు. తెర నల్లగానే ఉంది. కంగారుగా కొత్తది పీకి పాతది పెట్టాడు. ఏమీ లేదు. మళ్లీ స్విచ్ వేశాడు. ఏమీ లేదు.

చెమట తుడుచుకున్నాడు. కిటికీ రెక్కలు తెరిచి వాసన పోనిచ్చాడు. మూత బిగించి, కొత్త ముక్కను ప్యాకెట్‌లో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. బయట మెట్ల మీద సోమలింగం కూర్చుని ఉన్నాడు.

"అయిపోయిందా తమ్మీ?"

"అయింది కాకా," అన్నాడు పరుశురాం. మర్నాడు ఎవరూ లేవకముందే ఎవరినైనా రిపేరు మిస్త్రీని తీసుకొచ్చి బాగుచేయించాలనుకున్నాడు. కానీ ఆ మర్నాడు పొద్దున వాన దంచికొట్టింది. వాన వెలిసేసరికి రవళి గది తెరిచేసింది.

పిలుపు వచ్చి అతను వెళ్లేటప్పటికి గది ముందు పదిమంది దాకా తల్లిదండ్రులు ఉన్నారు. చిన్నపిల్లలు గుండ్రాల్లో పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. రవళి బల్ల పక్కన నిలబడి ఉంది.

"ఏందిది పరుశురాం? నిన్న నువ్వు పెట్టినంక బాగనే ఉండె గదా?" అని సోమలింగం అడిగాడు.

అందరూ అతని వైపు చూశారు.

"ఆఁ. బాగనే ఉండె," అన్నాడు. తర్వాత తనకే తెలియకుండా ఇంకో మాట నోట్లోంచి వచ్చింది. "ఎవరన్న డబ్బా మూత ఇప్పిండ్రా?"

రవళి ఒక్కతే నిజం చెప్పింది.

"నేను ఇప్పిన మామా. బుధవారం. గా చిట్టీ రాస్తందుకు."

అతను అడిగింది ఒక ప్రశ్న మాత్రమే. ఎవరి పేరూ పెట్టలేదు. తర్వాత ఎన్నోసార్లు తనకు తాను అలాగే చెప్పుకోబోయాడు, కానీ ఆ మాట ఎప్పుడూ నిలబడలేదు. బుధవారం విప్పిన మూతకూ ఆదివారం బాగున్న కంప్యూటర్‌కూ సంబంధం ఏమిటని ఎవరైనా అడుగుతారని ఆ క్షణంలో అతను భయపడ్డాడు. ఎవరూ అడగలేదు. కంప్యూటర్ పరుశురాం అడిగాడంటే అందులో ఏదో ఉండే ఉంటుందని అందరూ నమ్మారు.

"నిన్నెవలు ముట్టుమన్నరు బిడ్డా?" అన్నాడు సోమలింగం. "గంత పెద్దసారు ఇచ్చిన సామాను. తెల్వనిదాంట్ల వేలు పెడ్తరా? తాళంచెవి ఇటియ్యి."

రవళి పరుశురాం వైపు చూసింది. అతను తల వంచి వైర్లు సర్దుతున్నట్టు నటించాడు. అమ్మాయి తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఇళ్లకు పోయారు.

ఆ సాయంత్రం అతను అన్నం ముందు కూర్చున్నప్పుడు జమున వచ్చింది. లోపలికి రాలేదు. మాస్కుతో గడప అవతలే నిలబడి రెండు చేతులూ జోడించింది.

"పొల్ల తెల్వక చేసింది అన్నా. మనసుల పెట్టుకోకు. నువ్వు కష్టపడి తెచ్చి పెడ్తివి. దానికి రెండు దెబ్బలేసిన కూడ. పిల్లలందరి చదువు ఖరాబ్ చేసినవని."

పరుశురాం చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. పరుశురాం భార్య లత అతని మొహంలోకే చూస్తోంది. చెప్పేయడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. అక్కడ ఉన్నది ముగ్గురే.

"పోనియ్యి చెల్లె. చిన్నపిల్ల," అన్నాడు.

జమున కళ్లొత్తుకుని వెళ్లిపోయింది. తన తప్పుకు తానే ఆమెను క్షమించి పంపించాడు. అన్నం సహించక చెయ్యి కడుక్కున్నాడు.

"ఏమైంది?" అని లత అడిగింది. అతను ఏమీ లేదన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు కానీ కంచం తీస్తూ ఒక మాట అంది. "ఆ పొల్లను కొట్టుడేంది. పాపం, రోజు మన పిల్లగానికి లెక్కలు జెప్పేది అదే గదా."

రెండు రోజుల తర్వాత అతను పనికి వెళ్తుంటే రవళి ఎదురైంది. తల్లి రాళ్లు అతికించిన చీరల మూట సంచిలో పెట్టుకుని సేఠ్ దగ్గరికి తీసుకెళ్తోంది. తప్పుకుని పోదామనుకున్నాడు. ఆ అమ్మాయే ఆపింది.

"మామా, ఒకటి అడుగుతా. నేను మూత ఇప్పినప్పుడు ప్లగ్ తీసేసిన. లోపల చెయ్యి పెట్టలే, టార్చి ఏసి చూసి రాసుకున్న, అంతే. అయినా పోతదా? ఏం తప్పు చేసిన్నో జెప్పు. ఇంకోసారి చెయ్య."

కోపంగా అడగలేదు, నిష్ఠూరంగానూ అడగలేదు. తెలిసిన మనిషి దగ్గర నేర్చుకోవాలని అడిగింది. అప్పుడే తెలిసింది అతనికి, తప్పు తనదేనని ఆ పిల్ల నిజంగానే నమ్మేసిందని.

"అయి ఉండొచ్చు బిడ్డా. పాతది గదా. దుమ్ము కదిలినా..." అని గొణిగాడు.

"దుమ్ము కదిలినా పోతదా?" ఆ అమ్మాయి అది గుర్తు పెట్టుకోవడానికన్నట్టు తల ఊపి ముందుకు నడిచింది.

ఆ రోజు ఆఫీసులో అతను గీసిన అంచు మూడుసార్లు తప్పింది. మధ్యాహ్నం ఒంట్లో బాగా లేదని చెప్పి లేచాడు. సోమలింగం దగ్గర తాళంచెవి తీసుకుని, డబ్బాను పాత చీరలో చుట్టి ఆటో ఎక్కాడు. సలాబత్‌పురా దాటాక రింగ్ రోడ్డు పక్క సందులో పాత కంప్యూటర్లు బాగుచేసే కేతన్‌భాయ్ అనే ముసలాయన ఉన్నాడని ఆఫీసులో విన్నాడు.

కేతన్‌భాయ్ మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకుని లోపలికి ఒంగాడు. నిమిషం కూడా పట్టలేదు.

"ఎవరు నొక్కారు దీన్ని?" అన్నాడు హిందీలో.

పరుశురాం మాస్కు పైకి లాక్కున్నాడు.

"ఇటు చూడు. గాడిలో మెట్టు విరిగిపోయింది. ఇది డీడీఆర్ టూ పెట్టే బోర్డు. ఇందులో త్రీ గుచ్చారు. రెండూ ఒకే పొడుగు ఉంటాయి. కానీ పొరపాటున పెట్టకూడదనే ఆ గాటు జాగా మార్చి చేశారు. అది వద్దని చెప్తున్నా వినకుండా నొక్కారు. కరెంటు ఇవ్వగానే బోర్డు కాలింది."

"భాయ్, అంతకుముందు ఒక పిల్ల మూత తీసి చూసింది. దాని వల్ల ఏమన్నా..."

"మూత తీస్తే ఏం పోతుంది? మూత ఉన్నదే తీయడానికి." ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇది పెద్దవాళ్ల చేతి బలం."

పరుశురాంకు చెవులు వేడెక్కాయి. మాస్కు ఉన్నందుకు ఆ క్షణంలో సంతోషించాడు.

అదే రకం పాత బోర్డు ఒకటి తన దగ్గర ఉందనీ, అది వేస్తే నడుస్తుందనీ కేతన్‌భాయ్ చెప్పాడు. మెమరీ ఏది వేయాలని అడిగాడు. పరుశురాం మొదటిసారి నిజం చెప్పాడు. "నాకు తెలియదు భాయ్." తర్వాత చొక్కా జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు. తాను కూడా అప్పుడే, ఆయన భుజం పక్కనుంచి చదివాడు.

గుండ్రటి అక్షరాలతో, హిందీలో, దుకాణంవాళ్లకు అర్థమయ్యేలా రాసింది రవళి. డీడీఆర్ టూ, స్పీడు ఎనిమిది వందలు. గాళ్లు రెండు, ఒకటి ఖాళీ. రెండు జీబీవి రెండు తేవాలి, రెండూ ఒకే స్పీడువి. నాలుగు జీబీది ఒక్కటే చవగ్గా ఇస్తామంటే వద్దు, అది వేరే రకం ప్రాసెసర్‌కే నడుస్తుంది. ఇందులోని విండోస్ పాతది, ఎట్లాగూ నాలుగుకు మించి చూడలేదు. కింద ఒక గీత గీసి ఇంకో వాక్యం: ముందు పాతదాని పక్కన పెట్టి గాటు పోల్చి చూడాలి.

కేతన్‌భాయ్ రెండుసార్లు చదివాడు. "ఎవరు రాశారు?"

"మా గల్లీలో పిల్ల. పదహారేళ్లు."

"నాకు చెప్పడానికి ఏమీ మిగల్చలేదే," అని ఆయన నవ్వి, సొరుగులోంచి రెండు ముక్కలు తీశాడు. పాతదాని పక్కన పెట్టి గాటు పోల్చి చూపించాడు. మూడూ ఒకదానికొకటి సరిగ్గా కుదిరాయి. వేళ్ల కొసలతో నొక్కితే చాలు, అవే కూర్చున్నాయి.

ఆటోలో డబ్బాను ఒళ్లో పెట్టుకుని వస్తుంటే పరుశురాంకు ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడిది నడుస్తుంది. తీసుకెళ్లి పెడితే, రవళి పాడుచేసింది పరుశురాం బాగుచేశాడని అంటారు. తాను ఏమీ చెప్పనక్కర్లేదు. మొన్న కూడా తాను ఏమీ చెప్పలేదు కదా. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఉధ్నా స్టేషన్ దగ్గర ఆటో దిగి, వాన తగలని చూరు కింద కాసేపు డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున తల్లిదండ్రులందరినీ పిలవమని సోమలింగానికి చెప్పాడు. కంప్యూటర్ నడిచింది. తెర మీద పంతులమ్మ కదులుతూ మాట్లాడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూసిండ్రా, మా పరుశురాం చెయ్యి పడితే..." అని సోమలింగం మొదలుపెట్టాడు.

"ఆగు కాకా." పరుశురాం బల్ల ముందుకు వచ్చాడు. "దాన్ని చెడగొట్టింది నేనే. రవళి కాదు. ఆ పొల్ల ఏది తేవాల్నో రాసిచ్చింది. నేను చదవలే. తప్పుది తెచ్చి బలిమికి పెట్టిన. ఆదివారం నాడే కాలిపోయింది. బాగున్నదని మీకు అబద్ధం జెప్పిన. పొల్ల మీద పడితే ఊకున్న. నాకు డబ్బా మూత విప్పుడు గూడ సక్కగ రాదు. డిజైన్ గీసుడు ఒక్కటే వస్తది."

తెర మీద పంతులమ్మ ఎక్కాలు చెప్పిస్తూనే ఉంది. ఎవరో ఆ శబ్దం తగ్గించారు.

"నా నోటితోని ఆ పిల్లను అనిపిస్తివి గదరా," అన్నాడు సోమలింగం. అంతవరకూ ఆయన పరుశురాంను 'రా' అని ఎప్పుడూ అనలేదు.

జమున గుంపు చివర నిలబడి ఉంది. తిట్టలేదు. "నీ గడప ముంగట చేతులు జోడిచ్చిన. అప్పుడన్న జెప్తివి కాదు," అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె వెనకే అతనూ వాళ్లింటికి నడిచాడు. రవళి నేల మీద కూర్చుని చీర అంచుకు రాళ్లు అతికిస్తోంది. గడప బయట నిలబడి అంతా మళ్లీ చెప్పాడు. దుమ్ము కదిలితే ఏమీ కాదని, మూత తీయడం తప్పు కాదని కూడా చెప్పాడు. ఆ అమ్మాయి చేతిలోని గమ్ము గొట్టం కింద పెట్టింది.

"చిట్టీ ఎందుకు చదవలే మామా?"

"సిగ్గైంది."

"చదువుతందుకా?"

"నీ దగ్గర నేర్చుకుంటందుకు."

రవళి అతని మొహం వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. "నేను రెండు రోజులు ఫోన్‌ల వెతికి వెతికి రాసిన," అంది. మళ్లీ చీర అందుకుంది. అతను ఇంకాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

సోమలింగం తాళంచెవి పంపించినా ఆమె వారం దాకా రాలేదు. ఆ వారం పరుశురాం పనికి ఆలస్యంగా వెళ్లి, పొద్దుటి పిల్లల దగ్గర తానే కూర్చున్నాడు. భిన్నాలు అడిగితే చెప్పలేకపోయాడు. "అక్క ఎప్పుడొస్తది?" అని రోజూ అడిగేవాళ్లు. ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాడు, తనవల్ల రావట్లేదని.

ఎనిమిదో రోజు రవళి వచ్చింది. అతనితో మాట్లాడకుండా కరెంటు ఆపి, మూత విప్పి, రెండు ముక్కలూ సరిగ్గా కూర్చున్నాయో లేదో టార్చి వేసి చూసింది. మళ్లీ బిగించి పిల్లల వైపు తిరిగింది. "భిన్నాల కాడ ఆగిండ్రా? పలకలు తీయుండ్రి." పరుశురాం తలుపు పక్కన ఒక నిమిషం నిలబడి, చెప్పులు వేసుకుని పనికి వెళ్లాడు.

దీపావళి నాటికి రవళి మళ్లీ మామా అనడం మొదలుపెట్టింది. జమున మాత్రం మళ్లీ అన్నా అనలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. తప్పనిసరైతే "పరుశురాం గారూ" అని పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతను తల దించుకుని జవాబు చెప్పేవాడు.